సంపాదకుడు బస్సు నడపడు

(హనుమకొండలో జరిగిన భాషోపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్కారం. ముందు వరుసల కూసున్న పెద్దలకు, ఎనక ఫ్యాను కింద చోటు చూసుకున్నోళ్లకు కూడ నమస్కారం. నాకిచ్చిన అంశం, పిల్లలకు పత్రికా సంపాదకునికి లేఖ రాసుడు ఎట్ల నేర్పాలె అని. ముప్పావు గంట ఇచ్చిన్రు. దీనికి ముప్పావు గంట ఎందుకు సారూ, బోర్డు మీద రాస్తే పది నిమిషాల పని అని ఇందాక చాయ్ తాగంగ ఒకాయన అన్నడు. ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. పైన కుడి పక్కకు ఊరు, తేదీ. ఎడమ పక్కకు 'సంపాదకులు గారికి', పత్రిక పేరు, పట్నం పేరు. విషయం ఒక్క లైను. 'అయ్యా' అని పిలుపు. కింద 'ఇట్లు, భవదీయుడు' లేకుంటే 'భవదీయురాలు', చిరునామా. అయిపాయె. రూపం నేర్పుడు పది నిమిషాలే, ఇగ దాని గురించి నేను మల్ల మాట్లాడ.

మరి ఇంత సులువైనదాన్ని పిల్లలు పదో తరగతి దాంక రాసి, మార్కులు తెచ్చుకొని, ఆ తర్వాత జీవితంల ఒక్కసారన్న నిజంగ పేపరుకు ఉత్తరం రాస్తున్నరా? పిల్లలను పక్కకు పెట్టుండ్రి. ఈ హాల్ల పేపరుకు ఉత్తరం రాసినోళ్లు ఎవరన్న ఉంటే చెయ్యెత్తుండ్రి. అచ్చయిందా లేదా అడుగుతలేను, రాసిన్రా అని అడుగుతున్న. ఊ. సరే, దించుండ్రి. నేను లెక్కపెట్టను, మీరే ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు కదా. భాష చెప్పేటోళ్లం మనం. మనమే రాయనిది పిల్లలతోని రాయిస్తున్నం.

పరీక్ష పేపర్లు దిద్దినోళ్లు మీల చాన మందే ఉన్నరు. ఈ ఉత్తరం మీకు కంఠతా వస్తది. "మా వీధిలో రోడ్డు బాగాలేదు. మురికి కాలువలు నిండి దోమలు ఎక్కువయ్యాయి. కావున తమరు మా యందు దయ ఉంచి మా వీధికి రోడ్డు వేయించగలరని ప్రార్థిస్తున్నాను." ఎవరికి రాసిండు పిలగాడు? సంపాదకునికి. సంపాదకుడు రోడ్డేస్తడా? ఆయన దగ్గర రోడ్డు రోలరు ఉన్నదా? ఆయన దగ్గర ఉన్నది ఒక పేజీ, ఆ పేజీల జర్రంత జాగ. అంతే. పిలగాడు రాసింది దరఖాస్తు. దరఖాస్తు రాసుడు కూడ రావాలె, వద్దంటలేను. దానికి జాగ వేరే ఉన్నది. సోమవారం నాడు కలెక్టరేట్ల ప్రజావాణి ఉన్నది, మున్సిపల్ ఆఫీసు ఉన్నది, అండ్ల రాయాలె 'దయ ఉంచి' అని. అది గూడ నన్నడిగితే అవసరం లేదు, రోడ్డు దయ కాదు కదా. సరే, ఆ ముచ్చట వేరే.

నేను ఇయ్యాల చెప్పాలనుకున్నది ఈ ఒక్కటే. ఉత్తరం సంపాదకుని పేరు మీద పోతది కాని, అది సంపాదకుని కోసం కాదు. పొద్దుగాల చాయ్ తాగుకుంట పేపరు తిప్పేటోనికి రాస్తున్నం. ఆయనకు మన ఊరు తెల్వదు, మన బడి తెల్వదు, మన కష్టం అసలే తెల్వదు. పేజీ తిప్పేలోపట ఆయనకు తెల్వాలె. ఆ పక్కన్నే ఇంకొకడు చదువుతడు, ఆ పని చెయ్యాల్సిన ఆఫీసరు. ఆయనను పది మంది ముందల అడుగుతున్నం మనం. దరఖాస్తు ఆయన టేబుల్ మీద ఉంటే ఆయనకొక్కనికే తెలుసు, పేపర్ల పడితే ఆయన పక్కింటాయన కూడ అడుగుతడు. ఇది పిలగానికి సమజ్ అయిందంటే సగం ఉత్తరం వచ్చినట్టే. సమజ్ కాకపోతే మీరు ఎన్ని నమూనాలు రాయించినా ఆ దోమలు, ఆ మురికి కాలువలు తప్ప ఏం రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి పేరు వద్దు, మీ ఊరే అనుకోండ్రి. మండల కేంద్రంల హైస్కూలు. చలికాలం వచ్చిందంటే పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలు. సాయంత్రం 5:30కు విడుస్తరు. ఊరికి పోయే పల్లెవెలుగు 4:45కే పోతది, తర్వాతది 7:15కు. నడుమ ఏం జెయ్యాలె పిల్లలు? ఆటో ఎక్కాలె. ఆటో నిండేదాంక ఆయన తియ్యడు, ఆయన కష్టం ఆయనది. ఆరింటికే చీకటి. రెండు రోజులు చూసి ఇంటోళ్లు ఆడపిల్లను స్పెషల్ క్లాసు మాన్పిస్తరు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్లకు బస్సుల టికెట్టు లేకపాయె, మహాలక్ష్మి వచ్చె. టికెట్టు లేదు, మంచిదే. ఆ యాళ్లకు బస్సే లేకుంటే? ఇది ఒక ఆడపిల్ల రాయదగ్గ మాట కాదా?

అదే పిల్లను రాయమంటే మొదటిసారి ఏం రాస్తదో చూడుండ్రి. నేను చదువుత. "నేటి సమాజంలో రవాణా సౌకర్యం ఎంతో ముఖ్యమైనది. రవాణా లేనిదే అభివృద్ధి లేదు. మా ఊరికి బస్సు సౌకర్యం సరిగా లేదు. విద్యార్థులు అనేక ఇబ్బందులు పడుతున్నారు. అధికారులు నిర్లక్ష్యం వహిస్తున్నారు. కావున వెంటనే తగు చర్యలు తీసుకోగలరని మనవి."

తప్పేమన్న ఉన్నదా? అక్షర దోషం ఒక్కటి లేదు. మనం మార్కులు వేస్తం, మంచిగనే వేస్తం. కాని అడుగుండ్రి. ఏ బస్సు? ఎన్ని గంటలకు? 'అనేక ఇబ్బందులు' అంటే ఏం ఇబ్బందులు? 'అధికారులు' అంటే ఎవరు? సర్పంచా, తహసీల్దారా, డిపో మేనేజరా? 'తగు చర్యలు', తగు అంటే ఎంత? ఈ ఉత్తరంల మా ఊరు తీసి మీ ఊరు పెడితే కూడ సరిపోతది. ములుగుకు సరిపోతది, ఆదిలాబాద్‌కు సరిపోతది. అన్ని ఊర్లకు సరిపోయే ఉత్తరం ఏ ఊరిది కాదు.

ఇక్కడ మనం ఏం జేస్తం? ఎర్ర పెన్ను తీస్తం. 'ఇంకా వివరంగా రాయాలి' అని పక్కన రాస్తం. పిల్లకు వివరం ఎక్కడి నుంచి వస్తది? కుర్చీల కూసుంటే రాదు. ఆ పిల్లను బస్టాండుకు తోలుండ్రి. నాలుగైదు రోజులు బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది రాసుకోమనుండ్రి. ఎన్ని ఊర్ల పిల్లలు, ఎంత మంది, అండ్ల ఆడపిల్లలు ఎందరు, ఎవరెవరు మానేసిన్రు. కండక్టరును అడగమనుండ్రి, ఈ టైము ఎవరు పెడ్తరన్నా అని. ఆయన చెప్తడు, డిపోల పెడ్తరు బిడ్డా అని. 'అధికారులు' అన్న మాట పోయి డిపో మేనేజర్ అన్న మనిషి వచ్చిండా లేదా? ఇగ రెండోసారి రాస్తది.

"మా ఉన్నత పాఠశాలలో పదో తరగతి ప్రత్యేక తరగతులు సాయంత్రం 5:30కు ముగుస్తాయి. మా ఊరివైపు వెళ్లే బస్సు 4:45కే వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు 7:15కు. మూడు ఊళ్ల నుంచి వచ్చే 26 మందిమి రోజూ ఆటోల కోసం ఎదురుచూస్తున్నాం. చీకటి పడుతోందని ఈ నెలలో ఆరుగురు ఆడపిల్లల్ని ఇంట్లోవాళ్లు ఈ తరగతులు మాన్పించారు. పరీక్షలు ముగిసేవరకు 4:45 బస్సును 5:45కు నడపాలని డిపో మేనేజర్ గారిని కోరుతున్నాం."

బాగున్నదా? బాగున్నది. పంపుదమా? ఆగుండ్రి, ఇంక పంపద్దు. దీన్ని పొద్దున ప్రార్థనల, మైకుల చదివించుండ్రి. ఏడో తరగతి వరుసల నుంచి ఒక పిలగాడు లేస్తడు. సార్, 4:45 బస్సు తీసేస్తే మరి మేమెట్ల పోవాలె అంటడు. ఆయె! నాలుగుంబావుకు విడిచే పిల్లలంత ఆ బస్సుకే పోతరు కదా. మన పిల్ల 26 మంది కష్టం తీర్చబోయి ఇంకో వంద మందికి తెచ్చిపెడ్తుండె. అదే పేపర్ల పడితే ఎల్లుండి ఇంకొకరు దానికి జవాబు రాస్తరు, డిపో మేనేజరు ఇద్దరిని చూపెట్టి ఊకుంటడు. ఇగ మల్ల కూసోవాలె. మరి 7:15 బస్సుకు ఎవరు పోతరు? దుకాండ్లల్ల పనిచేసేటోళ్లు పోతరు, దాన్ని ముందుకు జరిపితే వాళ్ల గతేంది? చివరికి ఆ పిల్ల రాయాల్సింది ఏం తేలింది? ఉన్న రెండు బస్సులు అట్లనే ఉంచి, పరీక్షల దాంక సెలవులు పోను రోజుకు ఒక్క ట్రిప్పు 5:45కు. చిన్న కోరిక. ఒప్పుకోనీకి సులువు, కాదనడం కష్టం. ఆఖరి వాక్యం ఒక్కటే మారింది, కాని ఆ వాక్యం మార్చినందుకే నేను ఆ పిల్లకు మార్కులేస్త.

దీనికి టైమెక్కడిది సారూ, సిలబస్ కావాలె కదా అంటరు. నాకు తెలుసు. సంవత్సరానికి పది లేఖలు రాయిస్తున్నం. పది వద్దు, ఒక్కటి రాయించుండ్రి, గిట్ల.

ఇగ పేపరోళ్ల వైపు నుంచి చూద్దాం. ముందు పిల్లలకు పేపరు ఇచ్చి ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాల్ల ఏమున్నదో చదవమనుండ్రి. ముద్రించింది ఎవరు, ప్రచురించింది ఎవరు, సంపాదకుడు ఎవరు అని పేర్లు ఉంటయి. అవి ముచ్చటకు వేసినయి కావు. 1867ల తెల్లోల్లు చేసిన చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది, ఇప్పుడు దాని జాగల 2023 చట్టం వచ్చింది. ఏది అచ్చు వెయ్యాలె, ఏది వద్దు అనే ఎంపికకు బాధ్యుడు ఆ సంపాదకుడు. మనం రాసిందాంట్ల అబద్ధం ఉంటే మనం ఒక్కళ్లమే కాదు, ఆ పేరున్నాయన కూడ జవాబు చెప్పాలె. అందుకే ఆయన అనుమానం ఉన్నదాన్ని పక్కకు పెడ్తడు.

ఇది పెద్ద పిల్లలకు గట్టిగ చెప్పాలె. మనోళ్లకు ఆవేశం వస్తే 'లంచం తిని', 'కుమ్మక్కై' అని కలం ఆగదు. చూసినవా? కాగితం ఉన్నదా? లేదు, అందరు అనుకుంటున్నరు సార్ అంటడు. అందరు అనుకునేది పేపర్ల రాయనీకి రాదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అండ్ల 356 సెక్షను పరువు నష్టానిది. రెండేండ్ల దాంక జైలు పడొచ్చు. పిల్లలను భయపెట్టమంటలేను. 'నాలా మీద స్లాబు వేసి నెల కాలేదు, పెచ్చులూడింది, తేదీ ఇది' అని రాస్తే, చదివినోడు ఆ లంచం మాట వాని మనసుల వాడే అనుకుంటడు. మనం రాయాల్సిన పని లేదు.

ఇంకోటి, కత్తెర. ఉత్తరాల జాగ చిన్నది. 150, 200 మాటలు దాటిందంటే డెస్కు మీద కూసున్నాయన కోస్తడు. ఎక్కడి నుంచి కోస్తడు? చాన సార్లు అడుగు నుంచి. మనోళ్లు అసలు కోరిక ఎక్కడ రాస్తరు? అడుగున! 'నేటి సమాజంలో రవాణా' మిగులుతది, బస్సు పోతది. అందుకే మొదటి రెండు వాక్యాల్లనే విషయం పడాలె. 'నేటి సమాజంలో' అని మొదలైన ఉత్తరం ఏదన్న కనబడితే ఆ మాట కొట్టేసి తర్వాతి వాక్యం నుంచి చదువుండ్రి, ఎంత మంచిగుంటదో. 'నేటి ఆధునిక యుగంలో' కూడ అంతే. నవ్వుతున్నరు గాని, మనం నేర్పినయే అవి.

ఏ పేజీకి పంపాలె అన్నది కూడ చెప్పాలె పిల్లలకు. బస్సు, నల్లా, వీధిలైటు ముచ్చట జిల్లా పేజీల డెస్కుకు పోవాలె. సంపాదకీయం పేజీల వచ్చే ఉత్తరాలు వేరే తీరు. అవి ఎక్కువ ఆ పేపర్ల వచ్చిన వ్యాసానికో వార్తకో స్పందన. అసొంటిదాంట్ల మొదటి వాక్యంలనే ఏ తేదీ పేపరు, ఏ శీర్షిక అన్నది ఉండాలె. పేరు, పూర్తి చిరునామా, ఫోన్ నంబరు రాయకుంటే చాన పేపర్లు ముట్టయి. ఫోన్ నంబరు అచ్చు వెయ్యరు, నిజంగ మనిషి ఉన్నడా అని చూసుకోనీకి. పిల్లలైతే వాళ్ల నంబరు వద్దు, బడిదో పెద్దోళ్లదో ఇయ్యుండ్రి. ఇంట్ల అడిగినంకనే పంపుండ్రి. మెయిల్ చేస్తే మెయిల్లనే తెలుగుల టైపు చెయ్యాలె. కాగితం ఫొటో తీసి పంపితే అక్కడ ఎవరో మల్ల కొట్టాలె, ఆ కొట్టేటాయనకు అప్పటికే మస్తు పని ఉంటది.

స్పందన అన్న కదా, దాని దగ్గర జర ఆగుదాం. ఒకరు రాసింది నచ్చకపోతే ఎట్ల జవాబు రాయాలె? మన దగ్గర దీనికి మించిన పాఠం లేదు. మన ఇనుగుర్తిల ఒద్దిరాజు సోదరులు 1922ల 'తెనుగు' పత్రిక నడిపిన్రు, పల్లెటూర్ల కూసొని. నాలుగేండ్లకు, 1926ల, సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాద్ల 'గోలకొండ' పత్రిక పెట్టిన్రు. ఆ కాలంల ఒక పండితుడు నిజాం రాష్ట్రంల తెలుగు కవులే లేరని రాసిండు. కోపం రాదా? వస్తది. మనకైతే ఏం జేస్తుంటిమి? ఆయనను తిట్టుకుంట రెండు పేజీలు రాస్తుంటిమి. సురవరం గారేం జేసిన్రు? జిల్లాలల్ల నుంచి కవుల పద్యాలు, వాళ్ల వివరాలు తెప్పించిన్రు. 1934ల 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసిన్రు. 354 మంది కవులు! ఇగ లేరన్నాయన ఏం మాట్లాడుతడు? ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు కథ లెక్క చెప్పి, ఆ పక్కనే ఇయ్యాల్టి పేపర్ల మీకు నచ్చని వ్యాసం ఒకటి తీయుండ్రి అనాలె. ఆయన ఏమన్నడు, ఒక్క వాక్యంల రాయి. ఆయన అన్నది ఆయన అన్నట్టే రాయాలె, వంకర చేసి రాయద్దు. నీ దగ్గర ఏమున్నది దానికి జవాబు? అభిప్రాయమా, ఆధారమా? ఆధారం లేకుంటే తెచ్చుకో పో. దొరకకపోతే? దొరకకపోతే ఆయన చెప్పిందే నిజం కావచ్చు బిడ్డా. అట్ల ఒక్క పిల్లన్న తన ఉత్తరం తనే చింపిందనుకోండ్రి, నేనైతే అది కూడ పాఠం వచ్చినట్టే లెక్క పెడ్త.

పేపర్లెక్కడివి అంటరా? ఇంటికి పేపరు వచ్చుడు తగ్గింది, నిజమే. పిల్లలు పేపరు పట్టుకున్నప్పుడు మడత పెట్టుడు గూడ వస్తలేదు. గ్రంథాలయానికి తీస్కపోండ్రి. మన హనుమకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిన్రు, తెలుగు పుస్తకం చేత పట్టుడే కష్టమైన రోజుల్ల. ఊర్లల్ల మండల గ్రంథాలయాలు ఉన్నయి. వారం రోజుల పాత పేపర్లు అడిగి, ఉత్తరాల శీర్షిక ఉన్న జాగ మటుకు చదివించుండ్రి. ఒక్కొక్క ఉత్తరంల కోరిక ఏ వాక్యంల ఉన్నదో గుర్తు పట్టమనుండ్రి. పేపర్ల పడ్డ ఉత్తరాలల్ల కూడ చెత్తవి ఉంటయి, అవి కూడ చూపెట్టుండ్రి. అచ్చయిందంటే గొప్పదనుకుంటరు పిల్లలు.

ఇగ ప్రశ్నలు ఏమన్న ఉంటే... ఆ, చెప్పుండ్రి మేడం.

మేడం ఏమడుగుతున్నరంటే, పరీక్షల సొంత పేరు రాయద్దంటరు కదా, పిల్లలు ఎక్స్ ఎక్స్ ఎక్స్, వై వై వై అని రాస్తరు, మరి మీరు సొంత ఊరు, సొంత బస్సు అంటున్నరు, ఇది ఎట్ల కుదురుతది అని. మంచి ప్రశ్న. పరీక్షల పేరు రాయద్దు, అది నియమం, దిద్దేటోనికి పిల్ల ఎవరో తెల్వద్దు. పేరు దాచమన్నరు కాని, బస్సు టైము దాచమనలేదు కదా? ఎక్స్ ఎక్స్ ఎక్స్ అనే సంతకం కింద కూడ 4:45, 5:30, 26 మంది అని రాయొచ్చు. పరీక్షల ఊహించి రాసినా అది నమ్మేటట్టు ఉండాలె. కష్టం ఏందంటే, పిల్లలు పేరుతోని పాటు ఊరు, బడి, కష్టం, అన్నిటిని ఎక్స్ ఎక్స్ ఎక్స్ చేస్తున్నరు. క్లాసుల రాసేటప్పుడు మాత్రం పేరు రాయించుండ్రి. తన పేరు కింద ఉంటదంటే పిల్ల పైన రాసింది ఇంకోసారి చదువుకుంటది.

ఎనక నుంచి సార్ ఏదో అంటున్నరు, వినబడ్తలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకా? ఇంగ్లీషు పేపర్లకు రాసేటప్పుడు కూడ పని ఇంతే సార్, పిలుపు, సంతకం తీరు మారుతది. కాని మన మండలం బస్సు ముచ్చట ఇంగ్లీషు పేపరుకు రాస్తే, ఆ బస్సు ఎక్కేటోళ్లు ఎంత మంది చదువుతరు? డిపో మేనేజరు ఇంట్ల ఏ పేపరు పడ్తదో తెలుసుకొని దానికి రాయమనుండ్రి.

అచ్చు కాకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటరు సారూ అంటున్నరు ఇటు పక్కన. చిన్నబుచ్చుకుంటరు. వచ్చిన ఉత్తరమల్ల వెయ్యాలని పేపరుకు నియమం లేదు, అది ముందే చెప్పుండ్రి. రెండు వారాలు చూసి ఇంకో పేపరుకు పంపుండ్రి, ఒకేరోజు అందరికి పంపద్దు. అదే ఉత్తరంల 'సంపాదకులు గారికి' తీసి 'డిపో మేనేజర్ గారికి' అని పెట్టి, అప్పుడు దరఖాస్తు లెక్క డిపోకు కూడ పంపుండ్రి, నకలు మీద ముద్ర వేయించుకొని రమ్మనుండ్రి. లెక్కలన్ని అండ్లనే ఉన్నయి కదా, మల్ల రాయాల్సిన పని లేదు. ఆ ముద్ర తేదీ వేసుకొని నెలకు ఇంకో ఉత్తరం రాయొచ్చు, 'ఫలానా తేదీన ఇచ్చినం, ఇంకా జవాబు లేదు' అని. ఆ రెండో ఉత్తరం అచ్చయితదని నా నమ్మకం.